పదకొండు ఒకట్లు

పెన్‌పహాడ్ దాటి రెండు మైళ్లు పోయాక బొగ్గుబస్సు ఆగింది. శాంతమ్మకు ఇది కొత్త కాదు. ఈ మూడు వారాల్లో సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దవాఖానకు పోవడం ఇది ఆరోసారి, ఆరుసార్లూ బస్సు ఎక్కడో ఒకచోట ఆగుతూనే ఉంది, ఒకసారి నీళ్లకని, ఒకసారి బొగ్గు కూరడానికని, ఒకసారి ఎందుకో డ్రైవరుకే తెలియకుండా; ఇవాళ మిలిటరీ వాళ్లు ఆపారు. రోడ్డుకు అడ్డంగా ఒక మొద్దు, పక్కన డేరా, డేరా ముందు ఇద్దరు సిపాయిలు. అందరినీ దిగి సామాన్లు కింద పెట్టమన్నారు, పెద్ద సాబు వచ్చి చూసేదాకా కదలొద్దన్నారు. దిగింది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు గాని ఏప్రిల్ ఎండ కదా, బస్సుకు ఒక పక్కన మూరెడు నీడ ఉంటే అందరూ దాంట్లోనే వరుసగా కూలబడ్డారు. ఆమె చక్రానికి వీపు ఆనించి కూచుంది. టైరు వేడిగా తగులుతోంది. జరగాలనిపించలేదు. జరగడానికి కూడా కొంచెం బలం కావాలి, ఆ కొంచెం దాచుకోవాలి, ఇంకా ఆరు ఉన్నాయి.

ఆరు భాగహారాలు. ఒడిలో పలక, కొంగు చివర ముడిలో బలపం ముక్క. మొన్న దవాఖానలో మంచం మీద పడుకుని భర్త రాజారత్నం ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాడు, గట్టిగా చెప్పే ఓపిక లేదు, కడుపులో పుండు మనిషిని సగం చేసింది, "తొమ్మిదే మిగిలినయి శాంతం, పాత పుస్తకాలన్నీ గూడ తీస్కరా, ఒక్కసారి దగ్గర పెట్టుకుంట, అయిపోయిందని విని బల్లెక్కుత" అని. రేపు పొద్దున కడుపు కోస్తారు. కోస్తే ఏమవుతుందని డాక్టరును అడిగితే దేవుణ్ని అడగమన్నాడు. తొమ్మిదిలో మూడు నిన్న ఇంటి దగ్గర చేసింది, పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే ఒకటి, బియ్యం ఏరుతూ ఆపి ఒకటి, మూడోది ఎప్పుడు చేసిందో గుర్తులేదు, పలక మీద మాత్రం ఉంది, శేషం కూడా ఉంది. చేతులు వాటంతటవే చేసేస్తాయి ఇప్పుడు. పదకొండు ఒకట్లు వరుసగా రాయాలి, పదకొండు వందల పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూటపదకొండు, నోటితో చెబితే అంత పెద్దది గాని రాస్తే పొలం గట్టున పాతిన కట్టెల్లా ఉంటుంది, అంతే. ఆ కట్టెలను ఇవాళ ఏ సంఖ్యతో భాగించాలో ఆయన పట్టీలో ఉంటుంది. భాగించాలి. మిగిలింది రాయాలి. మిగిలితే మంచిది. పదిహేనేళ్లుగా మిగులుతూనే ఉంది.

పక్కన కూచున్న ముసలామె నేరేడుచర్ల మనిషి, పేరు ఈదమ్మ అని ఎక్కేటప్పుడే చెప్పింది, గంపలో దోసకాయలు, గంప మీద తడిగుడ్డ. పలక వైపు చాలాసేపు చూసి అడిగింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"భాగహారం అవ్వా. పంచడం."

"ఎవలకు పంచుతున్నవ్?"

"ఎవరికీ కాదు. సమంగా పంచితే ఏమన్నా మిగులుతుందా, మిగలదా అని చూస్తన్నా."

ఈదమ్మ కొంచెం ఆలోచించింది. "మిగులుడే మంచిది గద," అంది. శాంతమ్మ అవునంది. ఆయన కూడా అదే అంటాడు, ఇంకో మాటల్లో. దేనితో పంచినా మిగిలే సంఖ్య విడిపోని సంఖ్య, అది ఒకరి కింద ఉండదు శాంతం, దానికి అదే ఇల్లు, అని. తుంగతుర్తిలో దొర పొలంలో ఆయన తండ్రి పిచ్చయ్య జీతం ఉంటే, మిషన్ వాళ్లు పిలిచి పలక చేతికిస్తే, మొదటిరోజు ఆయన నేర్చింది ఒకటి అంకె అట, ఇంటికి పోయి గోడ నిండా బొగ్గుతో ఒకట్లు గీస్తే తండ్రి చెరిపెయ్యలేదట. అందుకేనేమో ఆ మనిషికి ఒకట్లంటే అంత మమకారం. రెండు ఒకట్లు పదకొండు, అది విడిపోదు. మూడు ఒకట్లు మూడుకే తెగింది, నాలుగు ఒకట్లు పదకొండుకు, ఐదు ఒకట్లు నలభై ఒకటికి, ఏడు ఒకట్లు కొన్నాళ్లు బెట్టు చేసి రెండువందల ముప్పైతొమ్మిదికి తెగింది. ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది, అవన్నీ తెగాయి. పదకొండు ఒకట్లు మాత్రం తెగలేదు. పెళ్లైన కొత్తలో ఇవన్నీ చెబుతుంటే ఆమె ఆ మనిషి కళ్లను చూసేది, లెక్కను కాదు. ఎంతదాకా చూడాలండీ అని అడిగింది ఒకసారి, ఏదో ఒకటి అడగాలని. లక్షా ఐదువేల నాలుగువందల తొమ్మిది దాకా చూస్తే చాలన్నాడు, రెండు ముక్కలైతే చిన్న ముక్క అంతలోపే ఉండాలన్నాడు, అందులోనూ విడిపోని సంఖ్యలతో చూస్తే సరిపోతుందన్నాడు. చాలు అన్న మాట ఎంత తేలిగ్గా అన్నాడో. పదివేల పైచిలుకు భాగహారాలు.

ఒక సిపాయి గంపలు, మూటలు విప్పించుకుంటూ ఇటే వస్తున్నాడు. దోసకాయలు ఒక్కొక్కటి తీసి కింద పెట్టాడు, మళ్లీ ఈదమ్మే సర్దుకుంది. శాంతమ్మ మూట విప్పాడు. చీర, ఆయన పంచె, కింద పందొమ్మిది నోటుపుస్తకాలు తాడుతో కట్టినవి. తాడు తెంపి ఒకటి తెరిచాడు, తిప్పాడు, అంకెలు, ఇంకోటి తెరిచాడు, అంకెలు. ఇదేంది అని హిందుస్తానీలో అడిగాడు. బడిపంతులు లెక్కలు, హిసాబ్, అంది ఆమె. ఇంత హిసాబ్ ఎవరికి అన్నాడు. అందరూ ఎవరికి అనే అడుగుతారు. ఎండలో అతని మొహం కూడా అలిసిపోయి ఉంది, ఏ దేశం పిల్లవాడో, పుస్తకాలను కింద వదిలేసి ముందుకు పోయాడు. రెండు జారి దుమ్ములో బోర్లా పడ్డాయి. రజాకార్ల రోజుల్లో ఊరు విడిచి సరిహద్దు దాటినప్పుడు ఒక చంకన బియ్యం మూట, ఒక చంకన ఈ పుస్తకాలు. బియ్యం సగం పడేసుకున్నాం గాని ఇవి పడలేదు. ఇన్నాళ్లకు ఈ రోడ్డు మీద పడ్డాయి. తీసి దుమ్ము దులుపుతుంటే తెలిసింది, చేతిలో ఉన్నది ఆ పుస్తకం.

నీలం అట్ట. కోదాడ పుస్తకం. అప్పుడు అక్కడి బడిలో చేసేవాడు ఆయన, కాగితం ఇంకా దొరికే రోజులు, భాగహారం మొత్తం పుస్తకంలోనే చేసేవాళ్లు. తర్వాత యుద్ధం వచ్చి కాగితం కరువై పలక మీద చేసి శేషం మాత్రం రాయడం మొదలైంది. తెరవకూడదనుకుంది. పదకొండేళ్లుగా తెరవలేదు. గాలికి అదే తెరుచుకుందని చెప్పుకోవడానికి గాలి కూడా లేదు, వేళ్లే తెరిచాయి, పుట్టింటి వాకిలి దాకా వచ్చి తిరిగిపోలేని కాళ్లలాగా. ప్రతి పేజీకి పైన ఆయన తారీఖు వేసేవాడు. 1938 మే 6, శుక్రవారం.

శుక్రవారం మధ్యాహ్నం. కూతురు బుచ్చికి నాలుగేళ్లు, మూడు రోజులుగా జ్వరం, ఆ పూట కొంచెం దిగి నిద్రపోయింది. ఆయన బడిలో ఉన్నాడు. మంచం పక్కన నేల మీద కూచుని శాంతమ్మ భాగహారం చేస్తోంది, అప్పట్లో అది సాయం, ఆయన సంతోషం కోసం రోజూ ఒకటి, అంతే. పిల్ల లేచి "అమ్మా, దాహం" అంది. ఇంతవరకు స్పష్టంగా ఉంది, ఆ గొంతు, ఎండిన పెదవి, పక్కింటి దంపుడు చప్పుడు. తర్వాత నీళ్ల గ్లాసు పిల్ల నోటి దగ్గర ఉంది, అదీ స్పష్టంగానే ఉంది. ఆ రెంటి మధ్య ఏముందో లేదు. వెంటనే లేచానా. ఉండమ్మా, ఈ ఒక్కటి అయిపోనీ అన్నానా. అలా అనడం ఆమెకు అలవాటే, పాలు పొంగుతున్నా అనేది, వాకిట్లో ఎవరైనా పిలిచినా అనేది, ఆరోజు కూడా అన్నట్టే చెవిలో ఉంది, అయితే చెవిలో ఉన్నది ఆరోజుదా ఇంకోరోజుదా. ఆదివారం పొద్దున బుచ్చి పోయింది. గ్లాసుడు నీళ్లు ముందు తాగితే పిల్ల బతికేది కాదు, ఆ సంగతి తెలుసు, డాక్టరు చెప్పాడు, పాస్టరు చెప్పాడు. ప్రశ్న అది కాదు. పిల్ల నన్ను అడిగిన ఆఖరి మాట అది, తర్వాత మాట పడిపోయింది, ఆ మాటకు నేను లేచానా, లెక్క పూర్తి చేశానా.

ఒక్కసారే ఆయనతో అంది. సూర్యాపేట వచ్చాక, ఒక సాయంత్రం చింతకాయ దంచుతూ దంచుతూ. ఆయన "లేసే ఉంటవ్" అన్నాడు. ఉంటవ్. ఆ మాట ఆమె మరో ఆరేళ్లు మోసింది. లేచి ఉండొచ్చు, లేవక ఉండొచ్చు. మళ్లీ పిల్లలు కలగలేదు. సాయంత్రం దీపం పెట్టే ముందు ఇద్దరూ కూచుని ఆయన ఒకటి, ఆమె ఒకటి, రోజుకు రెండు, పండగలకు కూడా మానలేదు, మాట్లాడుకోవాల్సిన చోట అంకెలు ఉండేవి, అలా నడిచింది. నడిచినందుకు మంచిదే. కాని అలసిపోయింది. ఆ పదకొండు కట్టెలను రోజూ నిలబెట్టి రోజూ పీకి, ఏనాడూ ఒక్క అంకె మారని వరుస, పదకొండేళ్లు.

కళ్లు పేజీ మీదే ఉన్నాయి. ఇన్ని వేల భాగహారాలు చేసిన కళ్లు కదా, చదవొద్దన్నా చదువుతాయి. భాజకం 21649. మొదటి ఆరు ఒకట్లు ఒక్కసారే తీసుకుంది, ఐదుసార్లు పోయింది, 2866 మిగిలింది. తర్వాత ఒక్కో ఒకటి దించుతూ పోయింది, 28661, 70121, 51741, 84431, 194841. ఆ చివరిది తొమ్మిదిసార్లు సరిగ్గా పోయి సున్నా వచ్చింది. సున్నా కింద మళ్లీ ఒకటి దించి ఉంది. అది పోదు కనుక, శేషం 1. కింద ఆయన ఎర్రసిరాతో పెట్టిన టిక్కు. ఆ వారం ఆయన ఏది చూసి టిక్కు పెట్టి ఉంటాడు, పేజీ కూడా కనబడి ఉండదు.

సున్నా. ఆమె దాన్ని దాటి పోయింది, మళ్లీ వెనక్కు వచ్చింది. పదకొండు ఒకట్లలో ఆరు ముందే తీసుకుంటే మిగిలేవి ఐదు. దించినవి లెక్కపెట్టింది, బలపం మొనతో ఒక్కోటి ముడుతూ. ఆరు. మళ్లీ లెక్కపెట్టింది. ఆరే. లేని ఒకటిని ఒకదాన్ని దించింది ఆరోజు. అన్నీ ఒకే తీరుగా ఉంటాయి కదా, అందుకే ఒకటి దించగానే దాని తల మీద చుక్క పెట్టాలి, చుక్క పెట్టకుంటే ఎక్కడిదాకా వచ్చామో తెలియదు, అని ఆయన మొదటిరోజే నేర్పాడు. పైన చుక్కలు ఐదే ఉన్నాయి. ఎక్కడో ఒక చుక్క మరిచింది. మతి లేని మనిషి. 84431లో చివరి ఒకటి కూడా చూడు, తోక కిందికి జారి పక్క వరుసలోకి పోయింది, ఎంత అడ్డదిడ్డంగా రాసింది.

పలక తుడిచి మళ్లీ చేసింది. ఐదు, ఒకటి, మూడు, రెండు, మూడు, తొమ్మిది. సున్నా. దించడానికి ఇంకేం లేదు. ఐదు లక్షల పదమూడు వేల రెండువందల ముప్పైతొమ్మిది సార్లు సమంగా పోయింది. పదకొండు ఒకట్లు తెగిపోయాయి. ఇప్పుడు కాదు, 1938 మే ఆరున, ఆమె చేతిలోనే తెగిపోయాయి, ఆమె చూసుకోలేదు. ఆ తర్వాత చేసినవి, ఏడువేలో ఏడున్నర వేలో, కరువులో చేసినవి, రజాకార్ల భయంతో తలుపు బిగించుకుని చేసినవి, ఆయన దగ్గుతూ చేసినవి, అన్నీ అప్పటికే తెగిపోయిన దాన్ని తెగుతుందా అని చూడడమే. ఆమెకు కోపం రావాలి. ఎవరి మీద రావాలో వెతికింది, తన మీదా, ఆయన మీదా, ఆ కట్టెల మీదా, ఎక్కడా ఆనలేదు, ఎండలో కుండ అడుగున నీళ్లలా ఎటో ఇంకిపోయింది. ఈదమ్మ అడిగింది, "మిగిలిందా?" "లేదవ్వా," అంది శాంతమ్మ. "సమంగా పోయింది." "పోనీ తీయ్ బిడ్డా, ఎవలకో ఒకలకు అందింది," అంది ఈదమ్మ, తడిగుడ్డ సర్దుతూ.

చెప్పకుండా ఉండొచ్చు. ఆ ఆలోచన చాలా మామూలుగా వచ్చింది, ఎదురుగా వచ్చి పలకరించే పొరుగామెలా. ఆరు మిగిలాయి, ఆరూ చేసేస్తే ఆరూ మిగులుతాయి, ఆరింటి శేషాలూ చెప్పొచ్చు, ఒక్కటీ అబద్ధం కాదు. అయిపోయింది, ఏదీ పోలేదు అని వింటాడు, సంతోషంగా బల్లెక్కుతాడు. లేవకపోతే ఆ సంతోషంతోనే పోతాడు. లేస్తే, లేచిన మనిషికి ఏనాడైనా చెప్పొచ్చు. నీలం పుస్తకాన్ని బస్సు కింద తోసేస్తే సిపాయి పారేశాడనుకుంటాడు. అలా అనుకుంటూ పుస్తకం మీద దుమ్మును కొంగుతో తుడుస్తూనే ఉంది, అట్ట మీద, అంచుల మీద, దారపు కుట్టు మీద. అప్పటికే అది శుభ్రంగా ఉంది. పెద్ద సాబు వచ్చి చూసి పొమ్మన్నాడు, మొద్దు జరిపారు, డ్రైవరు తిత్తి ఊది బొగ్గు రగిలించాడు, బస్సు దగ్గి దగ్గి కదిలింది. మిర్యాలగూడ వచ్చేదాకా ఆమె పలక ముట్టలేదు.

దవాఖానలో రాజారత్నం కళ్లు మూసుకుని ఉన్నాడు, కాని అడుగుల చప్పుడుకే అడిగాడు.

"అయినయా?"

దారి పొడుగునా రెండు జవాబులు సిద్ధం చేసుకుంది. నీలం పుస్తకం తెరిచి ఆయన రొమ్ము మీద పెట్టింది.

"తెగిపోయిందండీ," అంది. "ఎప్పుడో తెగింది. తప్పు నాదే. ఒకటి ఎక్కువ దించాను."

ఆయన కళ్లద్దాలు అడిగాడు. పెట్టింది. పుస్తకాన్ని వెలుతురుకు తిప్పుకుని పైనుంచి కిందికి చదివాడు, పెదవులు కదులుతున్నాయి. సున్నా దగ్గర ఆగాడు. ఆగి, తల ఊపాడు, బడిలో పిల్లవాడు సరైన జవాబు చెప్పినప్పుడు ఊపినట్టు.

"ఇరవై ఒక్కవెయ్యి ఆరువందల నలభైతొమ్మిది," అన్నాడు. "చిన్న ముక్కనేం గాదు. రెండోది ఎంత?"

"ఐదు లక్షల పదమూడు వేల రెండువందల ముప్పైతొమ్మిది."

"దాన్ని ముట్టకు. అట్లనే ఉండనీ."

అప్పుడు పైన తారీఖు చూశాడు. ఆమెకు కనిపిస్తూనే ఉంది, చూడడం. తర్వాత మళ్లీ కిందికి వచ్చాడు, ఈసారి చాలా నెమ్మదిగా, వేలిగోరుతో వరుసలు లెక్కపెట్టాడు, చుక్కలు లెక్కపెట్టాడు, మళ్లీ వరుసల దగ్గరికి వచ్చి ఒకచోట గోరు ఆపాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఏడున్నర వేల భాగహారాల సంగతి ఇప్పుడు అంటాడు, అంటే వింటాను, విని కూచుంటాను.

"ఇటు రా," అన్నాడు. "ఈ ఒకటి సూడు. తోక జారింది గద."

"చూశాను. అడ్డదిడ్డంగా రాశాను."

"అడ్డదిడ్డం గాదు. పెన్సిల్ ఇడిసిపెట్టినవ్." ఊపిరి అందక కాసేపు ఆగాడు. "గీడ ఒకటి దించినవ్. దించి సుక్క పెట్టలే. తిరిగొచ్చి సుక్క లేదు గదా అని మల్ల అదే దించినవ్. గందుకే ఒకటి ఎక్కువైంది. భాగహారం మధ్యల లేసినవ్ శాంతం. సుక్క పెట్టేటంత సేపు గూడ ఆగలే."

ఆమె పేజీని చూసింది. జారిన తోకను చూసింది, అది ఎటు జారిందో, మంచం ఉన్న వైపుకు. ఏమీ గుర్తు రాలేదు. పిల్ల గొంతు, దంపుడు చప్పుడు, గ్లాసు, అంతే, మధ్యలో అదే ఖాళీ; కాని ఖాళీలో ఉండాల్సింది కాగితం మీద ఉంది, తన చేతిరాతలోనే ఉంది. మంచం పట్టె పట్టుకుని కిందికి జారి నేల మీద కూచుంది.

"మరి ఈ పదకొండేళ్లు?" అంది.

"ఏమో," అన్నాడు ఆయన. "నాకు గూడ మస్తు అలసటైంది. నువ్వు మానవేమోనని నేను మానలే."

నేల చల్లగా ఉంది. ఎవరో ఫినాయిలు నీళ్లతో తుడిచి పోయారు, ఇంకా కొంచెం తడి ఉంది. మూటలో చీర తీసి తలకింద పెట్టుకోవాలనుకుంది, చెయ్యి అంతదాకా పోలేదు, మోచెయ్యే తలకింద పెట్టుకుని పక్కకు ఒరిగింది, రేపు పొద్దున కడుపు కోస్తారు, రేపు కదా, ఆరు మిగిలాయి, వాటిని అలాగే, అనుకుంటుండగా ఆ అనుకోవడం సగంలోనే ఎటో పోయింది. వేళయింది, బయటివాళ్లు పోవాలని చెప్పడానికి వచ్చిన దవాఖాన ఆయా మోతీబాయి మంచం కింద మనిషిని చూసి వంగబోయింది. రాజారత్నం చెయ్యి ఎత్తి ఆపాడు.

"జర పండుకోనీ అమ్మా," అన్నాడు. "పగటిపూట పండుకోక చానేండ్లైంది."